ప్రమాణం సరే, పరీక్ష ఏదీ?



ఈ బ్లాగులో పద్యాల గురించి, వ్యాకరణం గురించి తప్ప వేరొక మాట వ్రాసే అలవాటు నాకు లేదు. ఈసారి కూడ శబ్దపల్లవాల మీద ఒక టపా సగం వ్రాసి పెట్టుకొన్నాను. పోయిన నెలలో వచ్చిన ఒక ఫోను దానిని పక్కకు నెట్టివేసింది. పద్యప్రియులు మన్నించాలి.

ఫోను చేసినవాడు నా పూర్వవిద్యార్థి, ఇప్పుడు మా ప్రాంతంలోనే న్యాయవాది. "మాస్టారూ, మీరు ఏజెన్సీలో పనిచేశారు కదా! మీకు సవర భాష వచ్చునని మా నాన్నగారు చెప్పేవారు. మా కేసులో ఒక సాక్షికి తెలుగు అంతంతమాత్రం. మీరొక్క పూట వచ్చి ఆవిడ చెప్పింది కోర్టువారికి తెలుగులో చెప్పిపెట్టాలి. కారు పంపిస్తాను" అన్నాడు.

రాదు నాయనా అన్నాను.

"భలేవారండీ! పండితులు మీరే రాదంటే ఇంకెవరికి వస్తుంది? ఎంతో కొంత వచ్చే ఉంటుంది."

ఆ ఎంతో కొంత తోనే ఒకసారి కోర్టుకు వెళ్ళి చేసిన పని ఇంకా మరచిపోలేదు, మళ్ళీ చేయలేను అన్నాను. అప్పుడు ఆ అబ్బాయి నవ్వుతూ అన్న మాట ఇది: "ప్రమాణం చేయిస్తారు కదా మాస్టారూ, ఇంకేం భయం?"

అతనిది తప్పని అనను. మన చట్టం కూడ సరిగ్గా ఆ మాటే అంటున్నది. నా తగవు ఆ మాటతోనే.

చట్టంలో ఉన్నదేమిటో ముందు చెప్పుకొందాం. 1973 నాటి నేర విచారణ స్మృతిలో 282వ సెక్షను ఒకటి ఉండేది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 317వ సెక్షను అయింది. నేర న్యాయస్థానానికి దుబాసీ అవసరమైనప్పుడు ఆ దుబాసీ సాక్ష్యాన్ని యథార్థంగా చెప్పడానికి బద్ధుడై ఉండాలని దాని సారాంశం. 1969 నాటి ప్రమాణాల చట్టం దుబాసీ చేత ప్రమాణం చేయించమంటుంది. నిందితుడికి అర్థం కాని భాషలో ఎవరైనా సాక్ష్యం చెబితే, దానిని అతనికి తెలిసిన భాషలో నిండు కోర్టులో వినిపించాలని సంహితలోని 314వ సెక్షను చెబుతుంది. అన్నీ మంచి మాటలే. అయితే ఆ దుబాసీకి ఆ భాష వచ్చునో రాదో ఎవరు చూడాలి, ఏ పరీక్ష పెట్టాలి, ఆ పరీక్షలో నెగ్గాడని చెప్పే యోగ్యతాపత్రం ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్నకు ఈ సెక్షన్లలో సమాధానం లేదు. అబద్ధం చెప్పకూడదన్నారు. తెలియనివాడు ఏం చేయాలో చెప్పలేదు. చెప్పే మనిషి నిజాయితీపరుడా అని అడిగి ఊరుకొన్నారు.

నిజాయితీపరుడినే. అందుకే ఈ కథ చెబుతున్నాను.

1988లో నేను శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఉద్యోగంలో కొత్త. పిల్లల్లో ఎక్కువమంది సవరలు. తరగతిలో గోల అదుపు చేయడానికి, అన్నం తిన్నారా అని అడగడానికి, జ్వరం వచ్చిందా అని కనుక్కోవడానికి చాలినంత సవర ఒకటిన్నర సంవత్సరంలో పట్టుబడింది. మహా అయితే నూరు మాటలు. ఒకనాడు పొద్దున్నే ఒక కానిస్టేబులు సైకిలు మీద వచ్చి, కోర్టువారికి సవర తెలిసిన మాస్టారు కావాలట అన్నాడు. ప్రధానోపాధ్యాయులు నా వంక చూశారు. నేను కాదనలేదు. కాదనకపోవడానికి కారణం కొంత భయం, కొంత గర్వం. పంచె, లాల్చీ వేసుకొని, పండితుడిననే ధీమాతో వెళ్ళాను.

న్యాయాధికారి నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "మీకు సవర వచ్చునా?" వచ్చునండీ అన్నాను. ప్రమాణం చేయించారు. నాకు జరిగిన పరీక్ష అంతే. ప్రశ్నపత్రం దిద్దినవాణ్ణీ నేనే, ఉత్తీర్ణుణ్ణీ నేనే.

బోనులో ఒక వృద్ధురాలు. ఎదుట పక్కింటి కుర్రవాడు. జీడితోట సరిహద్దు తగాదా. ఆమె భర్తకు చెయ్యి విరిగింది. ఏం జరిగిందని అడిగారు. ఆమె చాలాసేపు చెప్పింది. మధ్యలో ఏడ్చింది. నేను దానిని నాలుగు తెలుగు వాక్యాలు చేశాను. అందులో ఒకటి, "ఈ అబ్బాయి ఆయనను కొట్టాడు" అని. న్యాయాధికారి ఆ మాటను ఆంగ్లంలో చెప్పి టైపు చేయించారు. ఆమె చెప్పినదంతా నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గుపడ్డాను. అందరూ నావైపే చూస్తున్నారు, కోర్టువారి సమయం వృథా అవుతుందేమోనని కూడ అనిపించింది. బత్తా డబ్బులు తీసుకొని సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

రెండు నెలల తరువాత బోరింగు దగ్గర పిల్లలు వరుసలో నిలబడి ఒకరినొకరు నెట్టుకొంటూ అరుచుకొంటుంటే, ఆ అరుపుల్లో నాకు ఆ క్రియ మళ్ళీ వినిపించింది. ఒక పిల్లవాణ్ణి పిలిచి దాని అర్థమేమిటిరా అని అడిగాను. వాడు సమాధానం చెప్పలేదు. రెండు అరచేతులూ నా పొట్టకు ఆనించి గట్టిగా ఒక్క తోపు తోసి పారిపోయాడు. వంటమనిషిని అడిగితే కొట్టడానికి వేరే మాట ఉందని చెప్పింది.

కొట్టాడు అన్నదానికీ తోశాడు అన్నదానికీ శిక్షాస్మృతిలో ఎంత దూరమో నాకు అప్పుడు తెలియదు. తోపులాటలో మనిషి పడి చెయ్యి విరగడం వేరు, కర్రతోనో చేతితోనో కొట్టి విరగగొట్టడం వేరు. ఆ కుర్రవాడికి అప్పటికే శిక్ష పడిందని విన్నాను. నా మాట వల్లనే పడిందా, వైద్యుడి సాక్ష్యం వల్లనా, మరే సాక్షి వల్లనా అన్నది నాకు తెలియదు. ప్రధానోపాధ్యాయులతో చెప్పాను. ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ అన్నారు. మరుసటి జూనులో బదిలీ అయింది. నేను ఎవరికీ ఉత్తరం వ్రాయలేదు.

ఆనాడు నేను ప్రమాణం తప్పలేదు, మిత్రులారా. మనసా వాచా నిజమే చెబుతున్నాననుకొన్నాను. నన్ను ఏ చట్టం కిందా శిక్షించలేరు, శిక్షించవలసిన పని కూడ లేదు. శిక్షార్హమైన తప్పు ఒక్కటీ చేయకుండానే ఒక మనిషి జీవితాన్ని పాడుచేసే అవకాశం నాకు ఇచ్చారు. ఈ వ్యవస్థ మీద నా ఫిర్యాదు ఇదే.

నాకు తెలుగు వ్యాకరణమంతా వచ్చినా అక్కడ అక్కరకు రాలేదని వేరే చెప్పాలా? సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానిది. బాలవ్యాకరణం కంఠతా వచ్చినవాడికీ రానివాడికీ దాని ముందు తేడా లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాషను నేర్చుకోవడానికి ఏండ్ల తరబడి శ్రమించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకొంటాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. ఆయన ఎవరి మాటలు వినడానికి ఒక జీవితకాలం వెచ్చించారో ఆ సవర మనిషి బోనులోకి వస్తే, నూరు మాటలు వచ్చిన నాబోటి వాణ్ణి పట్టుకొచ్చి నిలబెడతాం.

సవర గిరిజన భాష కాబట్టి ఈ ఇబ్బంది, తెలుగువారికేం అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట అనేవారు తెలుగును ఒకసారి ఆంగ్లంలోకి మార్చి చూడాలి. మన క్రియల చివర ఒక 'ట' ఉంది. "వాడు రాత్రి వచ్చాడట, తలుపు తట్టాడట." చెప్పేవాడు చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. ఇంత పెద్ద సంగతిని ఒక్క అక్షరంలో ఇమిడ్చింది మన భాష. ఇప్పుడు తొందరలో ఉన్న దుబాసీ ఆ 'ట'ను జారవిడిచి, వచ్చాడు, తట్టాడు అని ఆంగ్లంలో చెప్పాడనుకోండి. విన్నవాడు చూసినవాడైపోయాడు! మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదే కావాలని, చూసిన సంగతిని చూసినవాడే చెప్పాలని భారతీయ సాక్ష్య అధినియమంలో 55వ సెక్షను పట్టుబడుతుంది. ఆ సెక్షను మొత్తం ఆ 'ట' మీద నిలబడి ఉంది. ఈ సంగతి తెలిసి చెప్పే దుబాసీలు ఎందరున్నారు?

మేము, మనము అనేవాటిని చూడండి. ఎదుటివాణ్ణి కలుపుకొంటే మనము, కలుపుకోకపోతే మేము. ఆంగ్లానికి ఈ భేదం లేదు. ఫోనులో ఒకడు "రేపు మనం వెళదాం" అంటే విన్నవాడికి ఆ పనిలో పాలు ఉంది. "రేపు మేం వెళతాం" అంటే లేదు. కుట్ర కేసులో ఒక మనిషి ఉండడమూ లేకపోవడమూ ఈ సర్వనామం మీద తేలవచ్చు. ఆంగ్ల అనువాదంలో రెండూ ఒకటే. దుబాసీ నోరు తెరచి, అయ్యా, ఈ మాటలో వినేవాడు కూడ ఉన్నాడని విడిగా చెప్పాలి. చెప్పాలంటే ముందు అతనికి ఆ భేదం తట్టాలి. ఇక సాక్షి అంతవరకు 'ఆయన' అంటూ వచ్చి ఒక్కసారిగా 'వాడు' అన్నాడంటే అక్కడ ఏదో తెగింది. ఆంగ్లంలో ఆ తెగిన చప్పుడు వినబడదు.

సగంలో ఆపిన శబ్దపల్లవాల టపాలోని సరుకు కొంత ఇక్కడ పనికివస్తుంది. చెయ్యి చేసుకొన్నాడంటే కొట్టాడని. ఒక స్త్రీ ఫిర్యాదులో చెయ్యి పట్టుకొన్నాడంటే ఆ మాటలో ఎంత బరువుందో మనకు తెలుసు. చెయ్యిచ్చాడంటే మోసం చేశాడని. చేతివాటం ఉందంటే దొంగతనం అలవాటని. చెయ్యి ఒక్కటే, నేరాలు నాలుగు. తెలంగాణలో ఒకతను "నూకిండు" అంటే తోశాడని అర్థం. కోస్తాలో బియ్యపు నూకలు తప్ప తెలియని దుబాసీ ఏమి చెబుతాడు? స్నేహితులు పేకాటలో "నిన్ను చంపేస్తానురా" అనుకొంటూ ఉంటారు. దానిని అక్షరాలా ఆంగ్లంలో పెట్టి కాగితం మీద చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. మన కోర్టులలో తెలుగు సాక్షికి దుబాసీ లేడనుకొంటాం. ఉన్నాడు. సాక్షి తెలుగులో చెబుతుండగా న్యాయాధికారి దానిని ఆంగ్లంలోకి మార్చి టైపిస్టుకు చెప్పే పద్ధతి ఎంతకాలంగానో సాగుతున్నది. అంటే దుబాసీ సాక్షాత్తూ న్యాయాధికారే! ఆయన న్యాయశాస్త్రంలో పట్టభద్రుడు, పోటీ పరీక్షలో నెగ్గినవాడు, సందేహం లేదు. కాని విన్న తెలుగును విన్నట్లుగా ఆంగ్లం చేయడం అనే విద్యలో ఆయనను ఎవరు పరీక్షించారు? అది వేరే విద్య. దిగువ కోర్టులో ఆయన మార్చిన మాటలనే పైకోర్టు చదువుతుంది. సాక్షి గొంతు, 'ట'కారం, 'వాడు' అన్న కోపం పైకి ఎక్కవు. 2023 జనవరిలో నయీమ్ అహమద్ కేసులో సుప్రీం కోర్టు ఈ విషయమే పట్టుకొన్నది. సాక్షి తన భాషలో చెప్పిన సాక్ష్యాన్ని కేవలం ఆంగ్ల అనువాదంగా నమోదు చేయడం కూడదని, చట్టం చెప్పినట్లు న్యాయస్థాన భాషలోనో, వీలైనంతవరకు సాక్షి మాట్లాడిన భాషలోనో నమోదు చేయాలని స్పష్టం చేసింది. ఆ తీర్పు చదివి ఆ రోజు నేను పాయసం వండించుకొన్నాను. మా ఇంట్లోవాళ్ళకు కారణం అర్థం కాలేదు.

దేశాంతరాలలో ఉన్న మిత్రుల కోసం అక్కడి ముచ్చట కూడ. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో నెగ్రోన్ అనే పోర్టోరికో పొలం కూలీ మీద హత్య కేసు నడిచింది. అతనికి ఆంగ్లం రాదు. సాక్షులు చాలామంది ఆంగ్లంలోనే చెప్పారు. ప్రాసిక్యూషన్ వారు పెట్టుకొన్న దుబాసీ విచారణ మధ్య విరామాలలో కాసేపు కూర్చొని జరిగినదాని సారాంశం చెప్పి వెళ్ళేది. తనకు శిక్ష వేస్తున్న విచారణ అతనికి దూరాన వినిపించే సందడి మాత్రమే. 1970లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు అది న్యాయమైన విచారణ కాదన్నది. ఆ తరువాత 1978లో కోర్టు దుబాసీల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఫెడరల్ కోర్టులలో యోగ్యతాపత్రానికి ముందు వ్రాత పరీక్ష, తరువాత మౌఖిక పరీక్ష. మౌఖికంలో కాగితం చూస్తూనే నోటితో అనువదించాలి. సాక్షి చెప్పి ఆపగానే అంతా తిరిగి చెప్పాలి. మాట్లాడుతూ ఉండగానే వెంట వెంట చెప్పాలి. నూటికి 80 రావాలి. అంకెలు, పేర్లు, సామెతలు, చివరికి బజారు మాటలు, బూతులు కూడ మార్కులలో భాగమే. బూతును సంస్కరించి చెబితే మార్కు పోతుంది. మా పండితులలో ఎందరం ఆ ఒక్కచోటనే తప్పుతామో ఊహించుకోండి.

ఆ చెప్పి ఆపగానే తిరిగి చెప్పడం మనకు తెలియని విద్య కాదు. అవధాని చేసే ధారణ అదే. అయితే అవధానికి చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు, తప్పితే పట్టుకొంటారు, అప్రస్తుత ప్రసంగి కవ్విస్తూనే ఉంటాడు. పద్యం తప్పితే పోయేది అవధాని పరువు మాత్రమే. అయినా ఇంత కట్టుదిట్టం. మనిషి స్వేచ్ఛ పోయేచోట ఒక్క పృచ్ఛకుడైనా లేడు.

అలాగని అమెరికాను ఆకాశానికెత్తబోను. అక్కడి ఫెడరల్ యోగ్యతాపత్రం ఇప్పుడు స్పానిష్ ఒక్కదానికే. ఒకప్పుడు నవాహో భాషకు, హైతీ క్రియోలుకు ఉండేది. తెలుగుకు ఎప్పుడూ లేదు. కాలిఫోర్నియా రాష్ట్రపు పూర్తి పరీక్ష ఉన్న భాషలలో పంజాబీ ఉంది, తెలుగు లేదు. తెలుగు దుబాసీలు అక్కడ రెండవ వర్గంలో నమోదు అవుతారు. వారికి జరిగేది భాష ఎంత బాగా మాట్లాడగలరో చూసే పరీక్షే కాని, ఒక భాషలో విన్నది మరొక భాషలో చెప్పగలరో లేదో చూసేది కాదు. ఈత వచ్చునా అని అడిగి పడవ నడపమన్నట్లు! అమెరికాలో ఇన్ని లక్షల మంది తెలుగువారున్నారు, ఇన్ని సంఘాలున్నాయి, రెండేళ్ళకొక మహాసభ జరుపుతారు. ఆ సభలలో ఒక పూట దీనికి కేటాయించి, తెలుగుకు పూర్తి పరీక్ష కావాలని ఒక అర్జీ పెట్టమని అక్కడి మిత్రులను కోరుతున్నాను. నాటకాలు మానమనను.

ఆస్ట్రేలియా సంగతి ఇంకా తమాషా. అక్కడ అనువాదకులకు, దుబాసీలకు యోగ్యతాపత్రాలిచ్చే నాటీ అనే సంస్థ 1977 నుండి ఉంది. అది దుబాసీలది కాని ఇంకొక చిన్న పరీక్ష కూడ తెలుగులో పెడుతుంది: రెండు సంభాషణలు విని ఇటు తెలుగులోకి, అటు ఆంగ్లంలోకి చెప్పాలి. 90కి కనీసం 63 రావాలి. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేవారికి దానివల్ల 5 పాయింట్లు వస్తాయి. మన ఇంజనీర్లు దానికోసం శిక్షణ తీసుకొని, 'బీమా', 'అద్దె ఒప్పందం' వంటి తెలుగు మాటలు వల్లె వేస్తున్నారు. మా మేనల్లుడు కూడ నా దగ్గర నెల రోజులు చదివాడు. సంతోషమే. సిడ్నీలో స్థిరపడడానికి తెలుగులో పరీక్ష ఉంది. మన ఊరి కోర్టులో ఒకరి తరఫున నోరు విప్పడానికి లేదు.

ఈ దుబాసీ పని మనకు కొత్తదా అంటే అదీ కాదు. ద్విభాషి అన్న మాటే అరిగి దుబాసీ అయింది. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే నుండి 1831 సెప్టెంబరు దాకా ఆయన చేసిన యాత్ర వివరాలు చదివినవారికి, ప్రతి ఊరి మాటనూ కొలతనూ ఎంత నికరంగా పట్టుకొన్నారో తెలుసు. ఆ నికరం కోర్టు పనిలో అబ్బిందే అని నా నమ్మకం. ఒంగోలు ప్రాంతీయుడు వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 నుండి 1829 దాకా మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడు, దుబాసీ. ఆంగ్లంలో వ్రాసుకొన్న ఆయన ఆత్మకథ 1873లో అచ్చయింది. దుబాసీలందరూ మహనీయులని అనను. చెన్నపట్టణం దుబాసీల మీద ఉన్న చెడ్డపేరూ మనకు తెలుసు. నేననేది ఒక్కటే. అప్పుడది ఒక ఉద్యోగం, పదిమంది గుర్తించే హోదా. ఇప్పుడు కానిస్టేబులు సైకిలేసుకొని వెతికే పని.

నా మాటకు అడ్డుచెప్పేవారి వాదం ఒకటుంది, అది తేలికైనది కాదు. "పరీక్ష అంటే ఎవరు పాసవుతారండీ? సవరలో ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారు? గోండీకి, కువికి, కోయకు, కొలామీకి ఎన్ని పరీక్షలు పెడతారు? యోగ్యతాపత్రం తప్పనిసరి చేస్తే ఉన్న ఆ ఒక్క దుబాసీ కూడ దొరకడు, వాయిదా మీద వాయిదా పడుతుంది, ముద్దాయి జైల్లో మగ్గుతాడు." నిజమే. నియమాన్ని గుడ్డిగా అమలుచేస్తే పెద్ద భాషలు బతుకుతాయి, చిన్న భాషలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

కాని ఈ వాదం చేసేవారు ఒక సంగతి మరుస్తున్నారు. ఆ భాషలు వచ్చినవారు లేక కాదు, వారిని అడగక. 2011 జనగణనలో గోండీ మాతృభాషగా చెప్పినవారు 29 లక్షలకు పైన, సవర 4 లక్షలకు పైన. 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా, గోండీ, కొలామీ, బంజారా అని ఎనిమిది భాషల్లో పిల్లలకు వాచకాలు తయారుచేశారు. వాటికి పనిచేసిన ఉపాధ్యాయులు, యువకులు ఆ భాషల వారే. ఒకటో తరగతి పాఠం చెప్పడానికి దొరికిన మనిషి కోర్టుకు దొరకడా? బధిరుల విషయంలో మన దేశమే దారి చూపింది. సంజ్ఞాభాషకు దుబాసీ శిక్షణ ఉంది, పునరావాస మండలి గుర్తించిన డిప్లొమా ఉంది. నోట మాట రాని సాక్షి చెప్పేటప్పుడు దుబాసీనో ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణో పెట్టి, దానిని వీడియో తీయాలని 2013లో సాక్ష్య చట్టాన్ని సవరించారు. కొత్త అధినియమంలో అది 125వ సెక్షను. మూగవాడి సాక్ష్యాన్ని వీడియో తీస్తున్నప్పుడు, తెలుగు రాని వృద్ధురాలి సాక్ష్యాన్ని కనీసం ధ్వనిముద్రణ చేయడానికి అడ్డమేమిటి? ఆనాడు ఒక టేపురికార్డరు ఉండి ఉంటే, బోరింగు దగ్గర నాకు తెలిసిన తప్పు అప్పీలులో బయటపడేది. నా మౌనంతో పని లేకపోయేది.

నేను కోరే పరీక్షలో డిగ్రీ అక్కరలేదు. ముఖ్యంగా మా పండిత పట్టాలు అక్కరలేదు; వాటిని చూసే నన్ను పిలిచారు, ఫలితం చూశారు కదా. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాడు, తెలుగు బాగా తెలిసినవాడు కావాలి. ఆ భాషవారే మరి ఇద్దరు కూర్చొని, ఒకరు సాక్షిలా చెబితే ఇతను తెలుగులో చెప్పాలి. ఇంకొకరు తప్పులు పట్టాలి. పెద్ద భాషలకు పూర్తి పరీక్ష, మనుషులు తక్కువ ఉన్నచోట ఈ చిన్న పరీక్ష, అదీ కుదరనప్పుడు న్యాయాధికారి ఆ మనిషిని నాలుగు ప్రశ్నలడిగి సమాధానాలను రికార్డులో వ్రాయించాలి. ఇరుపక్షాలలో ఎవరికీ సంబంధించనివాడని కూడ చూడాలి. ఒక పక్షం వకీలు కారు పంపి తెచ్చుకొనే దుబాసీ వద్దు. ప్రతి జిల్లా కోర్టు దగ్గర పేర్ల జాబితా, పూట కూలి కాదు, బతికే జీతం. సుప్రీం కోర్టు 2019లో తీర్పుల అనువాదానికి సువాస్ అనే యంత్రాన్ని తెచ్చింది. తీర్పులు తెలుగులో చదువుకోవడం మంచిదే. కాని సాక్షి ఏడుపును యంత్రం చేతిలో పెట్టవద్దు.

అన్నిటికన్నా ముందు, "నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడుగుతాను" అని చెప్పే హక్కు దుబాసీకి ఉందని అతనికి నేర్పాలి. నాకు ఎవరూ నేర్పలేదు.

మళ్ళీ ఆ ఫోను దగ్గరకు వస్తాను. ఆ అబ్బాయికి నా పాత విద్యార్థి ఒకతని పేరు చెప్పాను. సవర కుటుంబంవాడు, ఇప్పుడు తానే ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. రెండు భాషలూ కన్నతల్లి భాషల్లా మాట్లాడతాడు. నువ్వు కారు పంపకు, న్యాయాధికారికి దరఖాస్తు పెట్టి కోర్టు ద్వారా పిలిపించు అన్నాను. ఆ అబ్బాయి ఒక క్షణం ఆలోచించి, "అతనికేమైనా సర్టిఫికెట్టు ఉందా మాస్టారూ?" అని అడిగాడు.

లేదు, ఇచ్చేవారెవరూ లేరు అన్నాను. నన్ను పిలిచేటప్పుడు ఆ ప్రశ్న ఎందుకు అడగలేదో అతనూ చెప్పలేదు, నేనూ రెట్టించలేదు. దరఖాస్తు పెట్టాడు. వచ్చే వాయిదాకు నా విద్యార్థి వెళుతున్నాడు. రాత్రి ఫోను చేసి అతనికి రెండు జాగ్రత్తలు చెప్పాను. అర్థం కాకపోతే ఎన్నిసార్లైనా అడగమన్నాను, ఎవరు విసుక్కొన్నా సరే. ఆవిడ చేత్తో చేసి చూపించినది కూడ మాటల్లో చెప్పమన్నాను. "అలాగే మాస్టారూ. ఆ రోజుకు బడికి సెలవు పెట్టాలా, ఆన్ డ్యూటీ ఇస్తారా?" అని అడిగాడు. అదీ నాకు తెలియదు. తెలిసిన మిత్రులు ఎవరైనా చెబితే అతనికి చెబుతాను.